పేరు మారని పాత్రలు: కళాపూర్ణోదయంలో నామకరణం

స్త్రీని పురుషునిగా, పురుషుని స్త్రీగా మార్చి పాత కథను తిరిగి చెప్పదలచిన వారికి మొదట ఎదురయ్యే చిక్కు పేరు. సిండ్రెల్లా కథలో నాయికకు బదులు నాయకుని నిలపడం కష్టం కాదు. పొయ్యి బూడిదను బట్టి వచ్చిన ఆ పేరులోని అర్థం చెడకుండా మగవానికి తగిన పేరు కుదర్చడమే కష్టం. తెలుగులో ఈ చిక్కు మరింత బిగువుగా ఉంటుంది. 'వచ్చాడు', 'వచ్చింది' అంటూ క్రియ సైతం అడుగడుగునా లింగాన్ని చాటుతుంది గనుక, పేరుకూ క్రియకూ పొత్తు కుదరకపోతే వినేవాడు వెంటనే పట్టుకుంటాడు.

పురాణ కథకులు దీనికి సులువైన దారి చూపారు: దేహంతో పాటు పేరునూ మార్చారు. భాగవతం నవమస్కంధంలో ఇలగా పుట్టిన శిశువు వసిష్ఠుని ప్రార్థన వలన సుద్యుమ్నుడయింది. ఆ సుద్యుమ్నుడే వేటకు వెళ్లి, శివుని ఆన ఉన్న వనంలో అడుగుపెట్టి మళ్లీ స్త్రీ అయి, బుధుని వలన పురూరవుని కన్నాడు. వాల్మీకి రామాయణం ఉత్తరకాండలో అదే కథ ఇలుని పేర వస్తుంది. అక్కడ మార్పు మరీ స్వల్పం. తెలుగులో 'డు' తీసివేస్తే ఇలుడు ఇల అవుతాడు. విరాటుని కొలువులో అర్జునుడు బృహన్నల కావడమూ ఈ కోవలోనిదే. శిఖండి కథ మాత్రం తలకిందులు. కూతురు పుట్టినా ద్రుపదుడు కొడుకని చాటి పెంచాడు. పేరు ముందు వచ్చింది; స్థూణాకర్ణుడనే యక్షుని వలన పురుషదేహం తరువాత వచ్చింది.

పదహారవ శతాబ్దికి చెందిన పింగళి సూరన ఈ దారి తొక్కలేదు. ఎనిమిది ఆశ్వాసాల కళాపూర్ణోదయం పురాణంలో నుంచి తెచ్చుకున్నది కాదు, కవి కల్పించిన కథ. కనుక పాత్రలకు ఏ పేరు పెట్టాలన్నది పూర్తిగా ఆయన చేతిలోని పని. అందులో మణిస్తంభుడు, సుముఖాసత్తి అనే దంపతులు పరస్పరం స్త్రీపురుషత్వాలు మార్చుకొంటారు. పేర్లు మాత్రం మార్చుకోరు. వారికి పుట్టిన కళాపూర్ణునికి తండ్రి సుముఖాసత్తి, తల్లి మణిస్తంభుడు! ఈ వాక్యం విన్నవారికి ఎవరో పొరపాటు పడ్డారనిపిస్తుంది. సూరనకు కావలసిందీ ఆ తడబాటే.

ఎందుకంటే ఈ పేర్లు మొదట మనుషులవి కావు. సత్యలోకంలో బ్రహ్మ సరస్వతికి చెప్పిన కథలోనివి. ఆ కథ నిజానికి ఆ దంపతుల ప్రణయవిలాసానికే మరుగు. మణిస్తంభమంటే రత్నాల కంబం. ఆసత్తి అంటే సామీప్యం. కనుక సుముఖాసత్తి అంటే చక్కని ముఖం దగ్గరగా ఉండడం. కంబం దగ్గరకు ముఖం వస్తే అందులో ప్రతిబింబం పుడుతుంది. కళలు నిండిన చంద్రుని వంటి ఆ ముఖబింబమే కళాపూర్ణుడు. ఇక బింబాన్ని తనలో ధరించేది కంబం గనుక అది తల్లి. కలిగించేది ముఖసామీప్యం గనుక అది తండ్రి. అయితే సంస్కృతంలో 'స్తంభ' శబ్దం పుంలింగం, 'ఆసత్తి' స్త్రీలింగం. వ్యాకరణం ఒక వైపు లాగితే అర్థం మరొక వైపు లాగుతుంది. ఈ రెండింటికీ పొత్తు కుదిర్చేది దంపతుల లింగవినిమయమే. వింత కోసం వింతగా తెచ్చినది కాదు, పేర్లలోనే ఇమిడి ఉన్న ఘటన అది. స్త్రీ అయిన నాడు మణిస్తంభునికి ఏ మణిమంజరి అనో పేరు పెట్టి ఉంటే కంబమూ ఉండదు, బింబమూ ఉండదు.

కట్టమంచి రామలింగారెడ్డి 1914లో వెలువరించిన 'కవిత్వతత్త్వ విచారము'తో ఈ కావ్యం ఆధునిక విమర్శకుల దృష్టికి వచ్చింది. కథాకల్పనను గురించి చర్చ చాలా జరిగింది. పేర్ల విషయానికి ఇంకా తగినంత చోటు దక్కవలసి ఉంది.

తరువాతి కాలంలో కందుకూరి వీరేశలింగం 'సత్యరాజా పూర్వదేశ యాత్రలు' రాస్తూ స్త్రీలు ఏలే, పురుషులు అణగి ఉండే దేశాన్ని చిత్రించారు. స్విఫ్ట్ గలివర్ యాత్రలు (1726) దానికి ప్రేరణ. స్త్రీపురుషుల స్థానాలు అక్కడ పూర్తిగా తారుమారవుతాయి. కానీ ఆ భారమంతా మోసేది వ్యక్తుల పేర్లు కాదు, ఊరి పేరు: ఆడమళయాళం. మళయాళ దేశమంటే మంత్రతంత్రాల సీమ అన్న నమ్మకం తెలుగు కథల్లో అప్పటికే ఉన్నది. దాని ముందు 'ఆడ' అన్న రెండక్షరాలు చేర్చగానే పాఠకుడు ఎక్కడికి వచ్చాడో అతనికి తెలిసిపోయింది.