నికొలాస్ స్టోన్ శిలాజీవితము

ఇంగ్లండునందలి డెవన్ మండలమున రాతిగని పనివాని యింట జన్మించిన శిల్పి నికొలాస్ స్టోన్, లండనులో శిష్యరికము నెరపి, ఆమ్‌స్టర్‌డామ్ నగరమున హెండ్రిక్ డి కైజర్ అను స్థపతియొద్ద పనిచేసి, 1613లో ఆయన కుమార్తెను పరిణయమాడి స్వదేశమునకు మరలెను. ఇనిగో జోన్స్ రూపకల్పన మొనర్చిన వైట్‌హాల్ విందుశాలకు 1619లో ప్రధాన శిలాకారుడై, 1632లో రాజాస్థానమునందును ఆ పదవినే అధిష్ఠించెను.

అయినను, పదవులకంటె ఆయన హస్తకౌశలమునకు గొప్ప సాక్ష్యము కవియు మతాచార్యుడునగు జాన్ డన్ స్మారకమూర్తియే యని నా నిశ్చయము: శవవస్త్రము ధరించి కలశముపై నిలిచిన ఆ పాలరాతి విగ్రహము, 1666 నాటి లండను మహాగ్నికి తానున్న సెయింట్ పాల్ దేవాలయము ఆహుతియైనను, నిలిచియే యున్నది, ఆ వస్త్రపు మడతలలో శిల మెత్తనైనదా యనిపించును!

ఇంగ్లండు అంతర్యుద్ధము రాజకార్యములను స్తంభింపజేసిన కాలమున, 1647లో, ఆయన మరణించెను. ఆయన వ్రాసికొన్న లెక్కల పుస్తకము లండనులోని సోన్ మ్యూజియమున భద్రముగా నున్నది.