వార్ధక్యమును బుద్ధిబలమును



"అరువది దాటినవి, ఆయనకు మతి తప్పినది" అను మాట మన పల్లెలలో తరచు వినబడుచుండును. పొలము పంచుకొనవలసివచ్చినను, పిల్లకు సంబంధము చూడవలసివచ్చినను, పెద్దవానిని అరుగుమీద కూర్చుండబెట్టి లోపల తీర్మానములు చేయుదురు. ఈ మాట యెంతవరకు సత్యము? మనస్తత్వశాస్త్రజ్ఞులు దీని నెట్లు పరీక్షించిరి? ఆ చరిత్రను కొంత మనవి చేసెదను. నేనును ఆ వయస్సువాడనే గనుక ఇందు నాకును పాలు కలదు.

మొదట నా తప్పొకటి చెప్పుకొనవలెను. పడుచుతనమున నెల్లూరు తీరమున ఒక పట్టపుపాళెములో రాత్రిబడి నడపితిని. ఒక ముసలి జాలరికి పలకమీద బొమ్మ గీసి చూపి, అట్లే గీయుమంటిని. చేతకాలేదు. పది మాటలు చెప్పి తిరిగి యొప్పజెప్పుమంటిని. నాలుగే చెప్పెను. మందబుద్ధియని వ్రాసికొంటిని. కొన్నాళ్లకు అతని పడవలో పోయితిని. ఒడ్డు కనబడని చోట, ఎక్కడ లోతెంతయో, ఏ చుక్క పొడిచినపుడు వల తీయవలెనో తడుముకొనక చెప్పెను. నా పరీక్ష అతని బుద్ధిని కొలువలేదు. అతడు బడికి పోకుండుటను కొలిచినది.

శాస్త్రజ్ఞులకును ఈ పాఠము మెల్లగానే తెలిసినది. 1885లో జర్మనీ దేశీయుడగు ఎబ్బింగ్‌హౌస్ అర్థములేని అక్షరముల గుంపులను తానే వల్లించి, ఎంతకాలమున కెంత మరచునో లెక్కించి ప్రకటించెను. 1905లో పారిస్ నగరమున బినే, సిమోన్ అనువారు బడిలో ప్రత్యేకసాయము కావలసిన పిల్లలను గుర్తించుటకు ప్రశ్నలు కూర్చిరి. 1917లో అమెరికా సైన్యమువారు పరీక్షలు పెట్టినపుడు, చదువరాని వారికొరకు బొమ్మలతో వేరుపరీక్ష యొకటి చేయవలసివచ్చెను.

పిదప వయస్సు వంతు వచ్చెను. జోన్స్, కాన్రాడ్ అను నిరువురు అమెరికాలోని న్యూ ఇంగ్లండు పల్లెలలో పదేండ్లవారు మొదలు అరువదేండ్లవారి వరకు 1191 మందిని పరీక్షించి, 1933లో ఫలితములు ప్రకటించిరి. ఇరువది యేండ్ల ప్రాయము దాటినపిమ్మట మొత్తము మార్కులు క్రమముగా తగ్గుచు వచ్చినవి. కాని మాటల అర్థములందును లోకజ్ఞానమందును పెద్దలు వెనుకబడలేదు. 1943లో కాటెల్ అను పండితుడు బుద్ధిని రెండుగా విభజించెను. క్రొత్తచిక్కును అప్పటికప్పుడు విప్పునది యొకటి. నేర్చి నిలువచేసికొన్నది రెండవది. మొదటిది ముందుగా సన్నగిల్లును, రెండవది చాలకాలము నిలుచును. నా సంగతియే చూడుడు: చిన్ననాడు వల్లించిన అమరము నేటికిని తప్పులేక చెప్పగలను, ఇందాక కళ్లజోడెక్కడ పెట్టితినో చెప్పలేను.

అయితే ఒకేనాడు పడుచువారిని ముసలివారిని పోల్చుటలో ఒక మోసము కలదు. నీళ్లులేని యేట నాటిన పాత కొబ్బరిచెట్టును, కాలువ వచ్చిన పిదప నాటిన క్రొత్తచెట్టును ప్రక్కప్రక్కన చూచి, ముదిరినందుననే పాతది గిడసబారినదనవచ్చునా? మన దేశమున 1951 జనాభాలెక్కలలో నూటికి 18 మంది అక్షరాస్యులు. 2011లో 74 మంది. తాతకును మనుమనికిని గల అంతరములో వయస్సు పాలెంత, చదువు పాలెంత? ఈ చిక్కు విడదీయుటకే షై అను శాస్త్రజ్ఞుడు 1956లో సియాటిల్ నగరమున 500 మందితో పరీక్షలారంభించి, ఏడేండ్లకొకసారి వారినే తిరిగి పరీక్షించెను. చురుకుదనము ముందుగా తగ్గినను, తక్కిన శక్తులు పెక్కుమందికి అరువదియేండ్ల ప్రాంతము వరకు అంతగా తగ్గవని తేలెను. ఇందును ఒక లోపము కలదు. రోగులును దుర్బలులును నడుమనే మానుకొందురు. తుదివరకు వచ్చువారు గట్టివారే.

ఇక మన తెలుగునాటి సంగతి. హైదరాబాదు నిజాం వైద్యవిజ్ఞాన సంస్థలో సువర్ణ అల్లాడిగారును వారి సహచరులును మతిమరపు వ్యాధిగల 648 మంది వృత్తాంతములను పరిశీలించి 2013లో ప్రకటించిరి. ఒక్కభాషయే తెలిసినవారికంటె, రెండుగాని అంతకు మించిగాని భాషలు మాటలాడువారికి ఆ వ్యాధి సుమారు నాలుగున్నర యేండ్లు ఆలస్యముగా కనబడెను. అక్షరము రానివారిలోను ఈ భేదము కనబడుట విశేషము. భాషయే కారణమని యింకను అందరును అంగీకరింపలేదు. అయినను పులికాటు ఒడ్డున తెలుగును అరవమును కలిపి బేరములాడు మనవారు ఈ మాట జ్ఞాపకముంచుకొనదగును. పిదప భారత వైద్యపరిశోధనా మండలివారు తెలుగుతో కూడ అయిదు దేశభాషలలో జ్ఞాపకశక్తి పరీక్షలు సిద్ధపరచిరి.

కాబట్టి అయ్యలారా, పేరు తట్టుట ఆలస్యమైనంతమాత్రమున మతి తప్పినట్లు కాదు. తెలిసినదారి తప్పుట, నిత్యము చేయుపని మరచుట, ఇంటివారినే గుర్తింపలేకపోవుట కనబడినచో అది వయస్సని యూరకుండక వైద్యునికి చూపవలెను. అంతవరకు అరుగుమీది పెద్దను లోపలికి పిలిచి, మాట యడిగి, మారుమాట చెప్పుటకు కొంత వ్యవధి యిండు. నేనా జాలరి కా వ్యవధి నీయలేదు. నా పుస్తకములోని ఆ మాటను కొట్టివేసితిని గాని, ఆ సంగతి అతనితో చెప్పుటకు అతడు లేడు.