సిగ్గు వెనకాల చరిత్ర

“ఆడవాళ్ళకి సిగ్గెక్కువ, అందుకే పబ్లిక్ టాయిలెట్లకి వెళ్ళరు.” ఈ మాట సెమినార్లలోనూ బస్టాండుల్లోనూ ఒకే ధీమాతో వినిపిస్తుంది. మగవాళ్ళ విషయంలో అవసరం అనిపించుకునేది ఆడవాళ్ళ దగ్గరికొచ్చేసరికి స్వభావంగా మారిపోతుంది. ఈ స్వభావాన్ని ఎవరు తయారుచేశారు?

విక్టోరియన్ నవలలు చదువుతున్నప్పుడు నన్నొక ప్రశ్న వేధించేది. లండన్ వీధుల్లో మైళ్ళకొద్దీ నడిచే ఆ నాయికలు మధ్యలో ఎక్కడికి వెళ్ళేవాళ్ళు? నవలలు మాట్లాడవు. స్థానిక పాలన చరిత్ర మాట్లాడుతుంది.

1851లో లండన్ గ్రేట్ ఎగ్జిబిషన్‌లో జార్జ్ జెన్నింగ్స్ అమర్చిన మరుగుదొడ్లను పెన్నీ చెల్లించి 8,27,280 మంది వాడుకున్నారు. ఆ తర్వాత నగరం మగవాళ్ళకోసం వీధి మూత్రశాలలు కట్టుకుంటూ పోయింది. ఆడవాళ్ళకి కూడా కావాలని లేడీస్ శానిటరీ అసోసియేషన్ ఏళ్ళ తరబడి పోరాడాల్సి వచ్చింది.

1900లో కామ్‌డెన్ టౌన్‌లో ఒక కూడలి దగ్గర స్త్రీలకి మరుగుదొడ్డి కట్టాలన్న ప్రతిపాదన వచ్చింది. స్థలం సరిపోతుందో లేదో చూడ్డానికి ముందుగా చెక్కతో ఒక నమూనా నిలబెట్టారు. గుర్రపు బస్సులవాళ్ళూ బళ్ళవాళ్ళూ పనిగట్టుకుని వచ్చి దాన్ని గుద్దారు. రాకపోకలకి అడ్డమని రుజువు చెయ్యాలి కదా! చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు తమ ఆస్తుల విలువ పడిపోతుందన్నారు. ఇందులో ఆడవాళ్ళ సిగ్గు ఎక్కడుంది? సిగ్గుపడింది వీధి.

అప్పటి నిర్ణయాలు తీసుకునే గదిలోనూ స్త్రీలు లేకుండా పోయారు. 1894 చట్టంతో స్థానిక వెస్ట్రీల్లో సభ్యులు కాగలిగిన స్త్రీలని, 1899 చట్టం కొత్తగా ఏర్పడే బరో కౌన్సిళ్ళనుంచి బయటికి నెట్టింది. 1907 దాకా ఆ తలుపు తెరుచుకోలేదు. ఆ కౌన్సిల్లో సభ్యుడిగా ఈ ప్రతిపాదన కోసం వాదించిన బెర్నార్డ్ షా, 1909లో ‘ది ఇంగ్లీష్ వుమన్’ పత్రికలో రాస్తూ ఈ అనుభవాన్నే స్త్రీల ఓటుహక్కుకి వాదనగా నిలబెట్టాడు. మగవాళ్ళకి మూత్రశాల ఉచితం, ఆడవాళ్ళకి పెన్నీ. పేదరాలికి ఆ పెన్నీ ఎంత భారమో ఆయన గుర్తించాడు.

ఆ పెన్నీ లండన్‌లోనే ఆగిపోలేదు. 2011లో ముంబైలో ‘రైట్ టు పీ’ ఉద్యమం మొదలైనప్పుడు స్త్రీలు అడిగింది కూడా ఇదే: మగవాళ్ళకి ఉచితమైనది మాకెందుకు డబ్బులకి?

దాహమేసినా నీళ్ళు తాగకుండా ఇల్లు కదిలే ఆడవాళ్ళు మనందరికీ తెలుసు. ఆమె బిడియపడుతోందని రాసుకునేముందు సర్వేలు అడగాల్సిన ప్రశ్నలు వేరే ఉన్నాయి. అక్కడ మరుగుదొడ్డి ఉందా? గొళ్ళెం పడుతుందా? నీళ్ళొస్తాయా? ఎంత అడుగుతున్నారు? తాళం ఎవరి చేతిలో ఉంది?