ఓపికకు ధర కట్టిన ఆటలు

నలుగురు కస్టమర్లు వచ్చి తలుపు దగ్గర నిలబడతారు. వాళ్లను మౌస్‌తో పట్టుకుని ఖాళీ టేబుల్ దాకా లాక్కెళ్లి కూర్చోబెట్టాలి. మెనూ తిరగేసి చెయ్యెత్తుతారు. వెళ్లి ఆర్డర్ రాసుకోవాలి. ఆ చీటీ వంటగది కౌంటర్లో ఇస్తే కాసేపటికి ప్లేట్లు బయటికొస్తాయి. తెచ్చి వడ్డించాలి, తిన్నాక బిల్లు సంగతి చూడాలి, వాళ్లు లేచాక ఎంగిలి ప్లేట్లు ఎత్తాలి. అప్పటిదాకా ఆ టేబుల్ ఇంకొకరికి పనికిరాదు. ఈలోగా పక్క టేబుల్ ముసలాయనా, ఆ మూల కూర్చున్న ఆఫీసు ఉద్యోగినీ చెయ్యెత్తే ఉంటారు. వాళ్ల ఓపికను చూపించే ఎర్రటి గుండె బొమ్మలు ఒక్కొక్కటే మాయమవుతుంటాయి. ఆఖరిది పోయిందా, విసురుగా లేచి వెళ్లిపోతారు.

ఇది డైనర్ డ్యాష్. వయసు ఇరవయ్యేళ్లు దాటింది. ఇవాళ మెట్రోలో నిలబడి ఫోన్ మీద వేళ్లు టకటకలాడిస్తూ బర్గర్లు పేర్చేవాళ్లంతా దీని వారసుల్నే ఆడుతున్నారు. చూడ్డానికి తిండి ఆటలే. కానీ డైనర్ డ్యాష్‌లో మనం వండేది ఏమీ లేదు, తినేది అసలే లేదు. ఉన్నదంతా ఎదురుచూపే. ఎవరు ఎంతసేపు ఆగగలరన్న లెక్క మీదే ఆట నడుస్తుంది. ఈ జాతి ఆటలు ఎలా పుట్టి ఎలా మారాయో చూస్తే నాకు ఒకటే కనిపిస్తుంది: డబ్బు వసూలు చేసే పద్ధతి మారినప్పుడల్లా ఆ ఎదురుచూపు లెక్క కూడా మారుతూ వచ్చింది.

తిండి కనిపించే పాత ఆటల్లో పేరున్నది 1982లో జపాన్ కంపెనీ డేటా ఈస్ట్ తెచ్చిన బర్గర్‌టైమ్. వంటవాడు నిచ్చెనలెక్కి దిగుతూ, తనకంటే పెద్దవైన బన్నుల మీద నడిచి వాటిని కిందికి పడేస్తాడు. వెంటపడే సాసేజ్‌ల మీద, గుడ్ల మీద మిరియాల పొడి చల్లుతాడు. సరదాగానే ఉంటుంది. కానీ ఆ బర్గర్ ఎవరికోసమో తెలీదు. కస్టమర్ లేనిచోట హోటలెక్కడిది?

కస్టమర్ 1983లో వచ్చాడు, అదీ బార్‌లోకి. షికాగోలో మార్విన్ గ్లాస్ అని బొమ్మలు డిజైన్ చేసే సంస్థ ఒకటి ఉండేది. వాళ్లు రూపొందించిన ట్యాపర్ అనే ఆటను బాలీ మిడ్‌వే కంపెనీ విడుదల చేసింది. తెర మీద నాలుగు పొడవాటి కౌంటర్లు, ఒక్కడే బార్‌టెండర్. తాగేవాళ్లు అటు చివరినుంచి జరుగుతూ మీదికొస్తుంటారు. నిండు మగ్గు వాళ్లవైపు జారవిడవాలి. తాగేసి ఖాళీ మగ్గును వెనక్కి జారవిడుస్తారు, దాన్ని కిందపడకుండా పట్టుకోవాలి. ఒక్క మగ్గు పగిలినా, ఒక్కడు దాహంతో ఈ చివరిదాకా వచ్చేసినా మన ప్రాణాల్లో ఒకటి పోతుంది. ఈ ఆటకు బడ్‌వైజర్ బీరు కంపెనీ స్పాన్సర్. కొన్ని యంత్రాలకు జాయ్‌స్టిక్‌తో పాటు బీరు పట్టే కుళాయి పిడిలాంటిది బిగించారు, కింద కాలు ఆన్చుకోవడానికి ఇత్తడి కడ్డీ పెట్టారు. పిల్లలొచ్చే ఆర్కేడ్లలో బీరు ప్రచారం ఏమిటన్న ఇబ్బంది ఉంది కాబట్టి, మత్తులేని రూట్ బీర్ పేరుతో మరో రూపం 1984లో వచ్చింది.

ఇంచుమించు అప్పుడే ఇళ్లలోని అటారీ యంత్రాల కోసం యాక్టివిజన్ ప్రెషర్ కుక్కర్ అనే ఆట తెచ్చింది. బెల్టు మీద కదిలిపోయే బర్గర్లకు, ఆర్డర్ ప్రకారం ఉల్లిపాయో టొమాటోనో అందుకుని పెట్టాలి. తయారుచేసినాయన పేరు గ్యారీ కిచెన్. నిజంగా ఆయన ఇంటిపేరే అది.

ట్యాపర్ కాలంలో ఆట ఖరీదు సాధారణంగా పావు డాలరు నాణెం. యంత్రం పెట్టినవాడికి కావాల్సింది ఆటగాడు తొందరగా ఓడి ఇంకో నాణెం వెయ్యడం. అందుకే ఆ బార్‌లో తాగేవాళ్లకు ఓపిక బొత్తిగా తక్కువ. ఎంత నేర్పున్నా చివరికి వాళ్లదే పైచేయి.

అసలు హోటళ్లలో ఈ ఒత్తిడి ఎలా ఉంటుందో ఎప్పుడో చూసి రాసినవాడున్నాడు. 1940లలో విలియం ఫుట్ వైట్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త షికాగో హోటళ్లలో పరిశోధన చేసి, 1948లో పుస్తకం వేశాడు. రద్దీ వేళల్లో వెయిట్రెస్‌లు వంటగదిలోకి వచ్చి ఏడవడం ఆయన గమనించాడు. కొందరు ఏడుస్తారు, కొందరు ఏడవరు, ఎందుకని? కస్టమర్ పిలిస్తే పరిగెత్తే మనిషి నలిగిపోతోంది. పిలవకముందే తను వెళ్లి, కూర్చోబెట్టి, మెనూ ఇచ్చి, ఎవరి దగ్గరికి ఎప్పుడొస్తానో తనే నిర్ణయించే మనిషి నిలబడుతోంది. వంటవాళ్లకూ వెయిట్రెస్‌లకూ మధ్య గొడవలకు ఆయన చూపిన మందు ఇంకా చిన్నది. ఆర్డర్‌ను నోటితో అరవకుండా కాగితం మీద రాసి ఒక ఇనుప ఊచకు గుచ్చడం. అజమాయిషీ ఆడవాళ్ల చేతిలోంచి చీటీకి మారగానే వంటవాళ్ల అహం చల్లబడింది. ఆట తయారుచేసినవాళ్లు ఈ పుస్తకం చదివారని నేననను. కానీ డైనర్ డ్యాష్‌లో గెలిచే కిటుకు అచ్చం వైట్ చెప్పిందే.

ఆ ఆట న్యూయార్క్‌లో పుట్టింది. ఎరిక్ జిమ్మర్‌మన్, పీటర్ లీ 2000లో పెట్టిన గేమ్‌ల్యాబ్ అనే చిన్న సంస్థలో నిక్ ఫోర్టుగ్నో తదితరులు దాన్ని రూపొందించారు. శాన్‌ఫ్రాన్సిస్కోలోని ప్లేఫస్ట్ దాని ప్రచురణకర్త. నాయిక పేరు ఫ్లో. షేర్ల వ్యాపారం చేసే ఆఫీసులో ఫైళ్ల కింద నలిగిపోతూ, ఒకరోజు బయటికి పరిగెత్తుతుంది. వీధిలో పాడుబడ్డ హోటల్ కనిపిస్తుంది. అదే తన బతుకు అనుకుంటుంది. ఇక అక్కడినుంచి ఆఫీసులో కంటే పదింతలు చాకిరీ! ఈ ఆటను మధ్యాహ్నం భోజనం వేళ ఆఫీసు కంప్యూటర్లో తెరిచి, ఆఫీసు ఒదిలి పారిపోయిన మనిషి చేత పరుగులు పెట్టించినవాళ్లు ఎంతమందో. ఈ తమాషా రచయితలకు తెలిసే చేశారని నా నమ్మకం.

ఆడటానికి మౌస్ ఒక్కటే చాలు. కీబోర్డ్ జోలికి పోనక్కర్లేదు. వరసగా నాలుగుచోట్ల క్లిక్ చేసి పెడితే ఫ్లో ఆ క్రమంలోనే తిరిగొస్తుంది. చేతికి ఒకటి చొప్పున రెండే వస్తువులు మోస్తుంది. ఇంతవరకూ ఎవరికైనా తట్టేదే. అసలు తెలివి పాయింట్ల లెక్కలో ఉంది. ఒకే రకం పని వెంటవెంటనే చేస్తే, అంటే రెండు టేబుళ్ల ఆర్డర్లు కలిపి తీసుకుంటే, రెండు బిల్లులు కలిపి ఇస్తే, బోనస్ పెరుగుతూ పోతుంది. కాబట్టి కొత్తగా ఆడేవాళ్లు పిలిచిన చోటికల్లా పరిగెత్తుతారు. చెయ్యి తిరిగినవాళ్లు చెయ్యెత్తిన కస్టమర్ని చూసి కూడా కదలరు. ఇంకో టేబుల్ కూడా చెయ్యెత్తేదాకా, గుండె బొమ్మ ఒకటో రెండో పోయేదాకా, కావాలనే ఆపుతారు. ఒకరి ఓపికను ఎంతవరకు ఖర్చుపెట్టొచ్చో లెక్కవేసుకుని ఖర్చుపెట్టడమే ఈ ఆటలో నేర్పు. బట్టల రంగు చూసి అదే రంగు కుర్చీలో కూర్చోబెడితే ఇంకొంచెం లాభం. ముసలివాళ్లు నెమ్మదిగా తింటారు, ఎంతసేపైనా ఆగుతారు. ఆఫీసు ఉద్యోగిని గబగబా తినేస్తుంది, ఆగమంటే ఆగదు.

అప్పట్లో ఇలాంటి ఆటలు అమ్మే తీరు కూడా దీని రూపాన్ని తీర్చిదిద్దింది. యాహూ, రియల్‌ఆర్కేడ్, సియాటిల్‌కు చెందిన బిగ్ ఫిష్ గేమ్స్ లాంటివాళ్ల దగ్గర ఆటను దించుకుంటే గంటసేపు ఉచితం. అరవయ్యో నిమిషం దాటాక తలుపు మూసుకుంటుంది. ముందుకెళ్లాలంటే సుమారు 20 డాలర్లు కట్టాలి. కొనేవాళ్లలో ఎక్కువమంది ముప్ఫయి దాటిన ఆడవాళ్లని ఆ వ్యాపారం త్వరగానే గ్రహించింది. నాణెం యంత్రానికి ఆటగాడు ఓడాలి. ఇక్కడ ఓడితే కొనడు. కాబట్టి మొదటి గంటలో కస్టమర్లు మంచివాళ్లు. రోజు గడిచేకొద్దీ ఒక్కో టేబుల్, ఒక్కో చిక్కు కలుస్తాయి.

ఇది ఎంత అమ్ముడైందంటే, ఆ పోలికలో వచ్చిన ఆటలన్నిటికీ టైమ్ మేనేజ్‌మెంట్ గేమ్స్ అని ఓ ప్రత్యేక అర కేటాయించారు. ఫ్లో తర్వాతి భాగాలు, పెళ్లి ఏర్పాట్లు చూసే వెడ్డింగ్ డ్యాష్, వంటగదిలోకి వెళ్లే కుకింగ్ డ్యాష్ వరసకట్టాయి. 2006లో శాండ్‌లాట్ సంస్థ కేక్ మేనియాలో జిల్ కేకులు చేసింది. అదే ఏడాది నెదర్లాండ్స్‌కు చెందిన జైలోమ్ డెలిషియస్ వరసను మొదలుపెట్టింది. అందులో ఎమిలీకి రానురానూ ఇల్లూ సంసారమూ అన్నీ అమర్చి, హోటల్ ఆటను టీవీ సీరియల్ చేసిపెట్టారు. చాలామటుకు నకళ్లే, చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు.

చెప్పుకోవాల్సింది 2007లో వచ్చిన పాపాస్ పిజ్జేరియా. అమెరికాలోని ఒహాయోకు చెందిన ఫ్లిప్‌లైన్ స్టూడియోస్ ఇద్దరు మిత్రుల సంస్థ. బ్రౌజర్లోనే ఆడుకునే ఫ్లాష్ ఆట, పైసా కట్టక్కర్లేదు. ఇందులో కస్టమర్ ఎంత ఆలస్యమైనా లేచిపోడు. నిలబడే ఉంటాడు. చివర్లో మాత్రం ఎంత ఆగాల్సొచ్చింది, ముక్కలు సరిగ్గా పేర్చావా, ఎంత కాల్చావు, ఎలా కోశావు అని విడివిడిగా మార్కులేసి, దానికి తగ్గ టిప్పు ఇచ్చి పోతాడు. డబ్బు అడగని ఆటలో కస్టమర్ అంత సహనశీలి కావడం కాకతాళీయం అనిపించదు నాకు. 2020 చివర్లో అడోబీ ఫ్లాష్‌కు మంగళం పాడింది. ఈ ఆటలు అప్పటికే ఫోన్ల మీదికి కూడా చేరాయి.

2009లో గడియారం తిరగబడింది. ఫేస్‌బుక్‌లో జింగా కంపెనీ కెఫే వరల్డ్, ప్లేఫిష్ కంపెనీ రెస్టారెంట్ సిటీ వచ్చాయి. కెఫే వరల్డ్‌లో పొయ్యి మీద పెట్టిన వంటకం నిజం సమయంలో ఉడుకుతుంది. కొన్ని నిమిషాల్లో, కొన్ని గంటల్లో, కొన్ని మర్నాటికి. చెప్పిన వేళకు తిరిగి రాకపోతే పాడైపోతుంది. అంతకుముందు కస్టమర్ మన కోసం ఆగేవాడు. ఇప్పుడు మనం పొయ్యి కోసం ఆగాలి, అలారం పెట్టుకుని మరీ. రెస్టారెంట్ సిటీలో సర్వర్లుగా, వంటవాళ్లుగా మన స్నేహితుల్నే పెట్టుకోవచ్చు. ప్లేఫిష్‌ను కొన్న ఈఏ సంస్థ 2012లో ఆ హోటల్ మూసేసింది.

ఫోన్లలో గడియారానికి నేరుగా ధర పెట్టారు. లిథువేనియాకు చెందిన నార్డ్‌కరెంట్ 2014లో తెచ్చిన కుకింగ్ ఫీవర్ చూడండి. ఆట ఉచితం. దోశ కాల్చినట్టు బర్గర్ కాలుస్తుంటాం, ఒక్క క్షణం ఏమరితే మాడిపోతుంది. పైకి వెళ్లేకొద్దీ కస్టమర్ల ఓపిక సరిపోదు. అప్పుడు హాల్లో మంచి కుర్చీలు, అలంకరణలు కొనాలి. అవి కొంటే కస్టమర్ ఇంకొంచెంసేపు ఆగుతాడు. అవి కొనడానికి వజ్రాలు కావాలి. వజ్రాలు ఆటలో చుక్కచుక్కగా వస్తాయి, నిజం డబ్బు కడితే దోసిళ్లతో వస్తాయి. ఇక్కడ అమ్ముడవుతున్నది ఓపికే, గ్రాముల లెక్కన.

అదే 2014లో స్టార్ షెఫ్ అనే రెస్టారెంట్ ఆట మన పక్క రాష్ట్రంలో తయారైంది. చేసింది 99గేమ్స్, వాళ్లుండేది ఉడుపిలో. మన ఊళ్లలో టిఫిన్ హోటళ్లకు ఆ పేరే బోర్డు కదా! ఫ్లో చేతికి ఒకటి చొప్పున రెండు ప్లేట్లు మోస్తే, ఆ హోటళ్లలో సర్వర్లు ఒక్క ముంజేతి మీద నాలుగు దోశ ప్లేట్లు పేర్చుకుని వస్తారు. చీటీ లేకుండా ఆరు టేబుళ్ల ఆర్డర్లు గుర్తుపెట్టుకుని వంటగదిలోకి ఒకే గుక్కలో కేకేస్తారు. వైట్ గారి ఊచతో వాళ్లకు పనేముంది? బెంగళూరులోని న్యూక్‌బాక్స్ స్టూడియోస్ 2020లో స్పాంజ్‌బాబ్ కార్టూన్ పేరుమీద క్రస్టీ కుక్-ఆఫ్ చేసింది. ఫ్లో సంగతా? గేమ్‌ల్యాబ్ 2009లోనే మూతపడింది. ప్లేఫస్ట్‌ను 2014లో గ్లూ అనే కంపెనీ కొన్నది, గ్లూను 2021లో ఈఏ కొన్నది. రెస్టారెంట్ సిటీ మూసేసినవాళ్ల చేతికే చివరికి ఆమె చేరింది.

ఒకసారి డబ్బిచ్చి కొనుక్కునే పద్ధతి మాత్రం చావలేదు. ఇంగ్లండ్‌కు చెందిన ఫిల్ డంకన్, ఓలీ డెవైన్ ఇద్దరే కలిసి పెట్టిన ఘోస్ట్ టౌన్ గేమ్స్ 2016లో ఓవర్‌కుక్డ్ తెచ్చింది. నలుగురు ఒకే సోఫాలో కూర్చుని, ఒకే వంటగదిలో తలో పని చేస్తూ, ఒకళ్ల మీద ఒకళ్లు అరుచుకునే ఆట. ఉల్లిపాయలు కోసేవాడు ఒకవైపు, ప్లేట్లు కడిగేవాడు ఇంకోవైపు. మధ్యలో రోడ్డు మీద రెండు లారీలుగా వంటగది విడిపోతుంది. ఇందులో కస్టమర్లు కనపడనే కనపడరు. తెర పైన వరసగా చీటీలు, ఒక్కోదాని మీద తరిగిపోయే గీత. 2020లో వచ్చిన సంకలనం ఓవర్‌కుక్డ్! ఆల్ యూ కెన్ ఈట్‌లో అసిస్ట్ మోడ్ అని ఒకటి చేర్చారు. చేతులు ఆడనివాళ్లు, పిల్లలు, పెద్దవాళ్లు దాన్ని పెట్టుకుంటే చీటీ గడువు పెరుగుతుంది, ఆట సమయం పెరుగుతుంది, మరీ కష్టమైన అంకాన్ని దాటేయొచ్చు కూడా. వాటికి వజ్రాలు అక్కర్లేదు. సెట్టింగ్స్‌లో ఓ గడిలో టిక్కు పెడితే చాలు.