కాలిన ఒంటికి చర్మం: గ్రాఫ్టింగ్ చరిత్రను మలుపు తిప్పిన రోగులు

కాలిన గాయాల చికిత్సలో మొదటినుంచీ నేటివరకూ వైద్యులను వేధిస్తున్న ప్రశ్న ఒక్కటే: ఒంటిమీద చర్మమే మిగలనప్పుడు, పోయినచోట కప్పడానికి కొత్త చర్మం ఎక్కడినుంచి తేవాలి? చర్మం శరీరంలోని తడిని లోపల నిలుపుతుంది, సూక్ష్మజీవులను బయటే ఆపుతుంది. అది పెద్దమేర పోయిన మనిషి నీరు కోల్పోయి రెండు మూడు రోజుల్లోనో, గాయాలు చీముపట్టి కొన్ని వారాల్లోనో ప్రాణాపాయంలో పడతాడు. ఈ ప్రశ్నకు దొరికిన జవాబుల్లో చాలా భాగం, అంతవరకు తెలిసిన పద్ధతులేవీ పనిచేయని స్థితిలో ఆసుపత్రికి చేరిన కొద్దిమంది రోగుల మంచాల పక్కనే దొరికాయి. ఆ పద్ధతులకు వైద్యుల పేర్లు నిలిచాయిగాని, వాటికోసం నొప్పి భరించినవారి పేర్లు చాలావరకు చరిత్రకెక్కలేదు.

స్విట్జర్లాండ్‌కు చెందిన జాక్ లూయీ రెవెర్డాన్ 1869లో పారిస్‌లోని నెకెర్ ఆసుపత్రిలో, చర్మపు పైపొరనుంచి చిన్న చిన్న ముక్కలు తీసి మానని పుండుమీద ఉంచగా, అవి అతుక్కుని అంచులనుంచి నలువైపులా పెరిగాయి. ఒకచోటినుంచి తీసి మరొకచోట అతికే ఇలాంటి ముక్కనే గ్రాఫ్టు అంటారు. మరుసటి ఏడు లండన్‌లోని సెయింట్ జార్జ్ ఆసుపత్రిలో జార్జ్ పొలాక్, తొడమీది కాలిన గాయం ఎంతకాలానికీ మానని ఒక చిన్నపిల్లకు ఆమె చర్మంతోపాటు తన ఒంటి చర్మాన్ని, ఒక నల్లజాతి వ్యక్తి చర్మాన్ని కూడా పెట్టి చూశాడు. పిల్ల సొంత చర్మం నిలిచింది, పరాయివి కొంతకాలానికి కనబడకుండా పోయాయి. ఎందుకిలా జరిగిందో తెలియడానికి మరో 70 ఏళ్ళు పైగా పట్టింది. ఈలోగా లైప్‌జిగ్‌లో కార్ల్ టియర్ష్ 1874లో, చర్మాన్ని పూర్తి మందాన కాక పలచని రేకులుగా చెక్కి తీసే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చాడు. చెక్కిన చోట అడుగుపొర మిగులుతుంది కనుక రెండు మూడు వారాల్లో అక్కడ పైచర్మం మళ్ళీ పుడుతుంది, అవసరమైతే అక్కడినుంచే రెండోసారి తీయవచ్చు.

అయితే ఒళ్ళు ఎక్కువగా కాలినవారు గ్రాఫ్టు దాకా బతికి ఉండటమే ఆ రోజుల్లో అరుదు. 1921లో అమెరికాలోని న్యూ హేవెన్ నగరంలో రియాల్టో థియేటర్ తగలబడినప్పుడు, యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన ఫ్రాంక్ అండర్‌హిల్ బాధితుల బొబ్బల్లోని నీటిని పరీక్షించి, అది రక్తంలోని ద్రవభాగమైన ప్లాస్మాను పోలి ఉందని గుర్తించాడు. కాలిన చర్మంలో పుట్టే విషం కాదు, ద్రవం కారిపోవడమే తొలిరోజుల మరణాలకు ముఖ్య కారణమని దీనితో తేలింది. 1968 నాటికి డల్లస్‌లోని పార్క్‌లాండ్ ఆసుపత్రి వైద్యులు దీనికొక లెక్క కట్టారు: ప్రతి కిలో బరువుకు, కాలిన ప్రతి ఒక్క శాతానికి 4 మిల్లీలీటర్ల చొప్పున సెలైన్ వంటి ద్రవాన్ని మొదటి 24 గంటల్లో ఎక్కించాలి, అందులో సగం తొలి 8 గంటల్లోనే వెళ్ళాలి. ఈ లెక్కన 60 కిలోల మనిషికి 40 శాతం కాలితే తొలిరోజే తొమ్మిదిన్నర లీటర్లకు పైగా ఎక్కించాలి. ఇలా రోగులు మొదటి గండం దాటడం మొదలయ్యాక, చర్మం కొరత మరింత తీవ్రంగా బయటపడింది.

పొలాక్‌కు అంతుపట్టని విషయం రెండో ప్రపంచయుద్ధ కాలంలో గ్లాస్గో రాయల్ ఇన్‌ఫర్మరీలో తేలింది. శస్త్రవైద్యుడు టామ్ గిబ్సన్, జంతుశాస్త్రజ్ఞుడు పీటర్ మెడవార్ కలిసి, తీవ్రంగా కాలిన 22 ఏళ్ళ స్త్రీకి ఆమె సోదరుడి చర్మపు ముక్కలను అతికించి, వాటి నమూనాలను వరసగా సూక్ష్మదర్శినిలో పరిశీలించారు. మొదట అతుక్కున్నట్టే కనిపించినవి క్రమంగా నశించాయి. దాదాపు రెండు వారాల తరవాత అదే సోదరుడినుంచి తెచ్చి పెట్టిన రెండో విడత ముక్కలు అంతకన్నా త్వరగా నశించాయి. శరీరం పరాయి చర్మాన్ని ఒకసారి గుర్తుపట్టి, రెండోసారి సిద్ధంగా ఉండి ఎదుర్కొంటున్నదన్నమాట. 1943లో అచ్చయిన ఈ ఒక్క రోగి వృత్తాంతం, అవయవ మార్పిడికి అడ్డుపడే తిరస్కరణ రోగనిరోధక శక్తి పనేనని చూపింది. తరవాత ఆ దారిలో చేసిన పరిశోధనకు మెడవార్‌కు 1960లో నోబెల్ బహుమతి వచ్చింది.

దానికి పక్కనే నిలిచే మరో వృత్తాంతం మన ఉపఖండంలో మొదలైంది. 1944 చివర్లో, హిమాలయాల మీదుగా చైనాకు ఇంధనం చేరవేసే అమెరికన్ విమానమొకటి తూర్పు బెంగాల్‌లోని కుర్మితోలాలో మంటల్లో చిక్కింది. ఒళ్ళు దాదాపు 70 శాతం కాలిన పైలట్‌ను పెన్సిల్వేనియాలోని వ్యాలీ ఫోర్జ్ సైనిక ఆసుపత్రికి చేర్చారు. అతని ఒంటిమీద చెక్కడానికి చర్మం చాలక, మరణించిన మరొకరి చర్మాన్ని కప్పగా, అది అనుకున్నదానికన్నా చాలా ఎక్కువ రోజులు నిలిచింది. తీవ్రంగా కాలిన శరీరంలో తిరస్కరించే శక్తి సన్నగిల్లడమే అందుకు కారణం. అక్కడ పనిచేసిన యువవైద్యుడు జోసెఫ్ మర్రే, ఈ అనుభవమే తనను అవయవ మార్పిడి వైపు నడిపించిందని తరవాత చెప్పుకున్నాడు. 1954 డిసెంబర్ 23న బోస్టన్‌లో ఒకేపోలిక కవలల మధ్య మూత్రపిండాన్ని మార్చే ముందు, వారి మధ్య చర్మాన్ని మార్చి అది నిలుస్తుందో లేదో మర్రే బృందం చూసుకుంది. ప్లాస్టిక్ సర్జన్ అయిన మర్రే తొలి విజయవంతమైన మూత్రపిండ మార్పిడికి ఆద్యుడు కావడం వెనక ఈ కథంతా ఉంది.

కత్తి పట్టే విధానంలో అసలు మార్పు తెచ్చినది మాత్రం నాటి యుగోస్లావియాలోని మారిబోర్ అనే చిన్న నగరానికి చెందిన జోరా యాంజెకోవిచ్. మాడిన చర్మం తనంతట తాను ఊడేదాకా వారాలపాటు ఆగడం అప్పటి ఆనవాయితీ. ఆ ఎదురుచూపులోనే చీముపట్టి ఎందరో చనిపోయేవారు. ఆమె మూడో రోజు నుంచి ఐదో రోజు లోపలే మాడిన భాగాన్ని పొరలు పొరలుగా చెక్కుతూ, అడుగున సన్నని రక్తపు చుక్కలు మెరిసేచోట కత్తి ఆపి, అప్పటికప్పుడే గ్రాఫ్టు వేసింది. రక్తం చిమ్మే ఆ చుక్కలే అక్కడ కణజాలం సజీవంగా ఉందనడానికి గుర్తు. 1970లో ఆమె ప్రచురించిన ఈ పద్ధతి నేటికీ చికిత్సకు వెన్నెముకగా ఉంది. అంతటి మార్పు పెద్ద విశ్వవిద్యాలయాలనుంచి కాక అలాంటి చోటినుంచి రావడం గౌరవంతో తలచుకోదగినది.

అయినా చెక్కి అతికించడానికి సొంత చర్మమే మిగలనివారి సమస్య అలాగే ఉండిపోయింది. 1983లో అమెరికాలోని వయోమింగ్ రాష్ట్రంలో 5, 6 ఏళ్ళ అన్నదమ్ములిద్దరికి 95 శాతానికి పైగా ఒళ్ళు కాలింది. బోస్టన్‌లో వైద్యులు వారి చంకల్లో మిగిలిన 2 చదరపు సెంటీమీటర్ల చర్మాన్ని తీసి, తరవాత హార్వర్డ్‌లో చేరిన హోవార్డ్ గ్రీన్ 1975లో రూపొందించిన పద్ధతిలో, ఎలుక కణాల పరుపుమీద పైచర్మపు కణాలను రేకులుగా పెంచి, పిల్లల ఒంటిని దాదాపు సగం మేర కప్పారు. ఇద్దరూ బతికారు. ఆ రేకుల్లో పైపొర తప్ప స్వేదగ్రంథులు, వెంట్రుకల మూలాలు ఉండవు; అవి తొందరగా చిట్లుతాయి కూడా. 2015లో జర్మనీలోని బోహుమ్‌లో, పుట్టుకతో చర్మం బొబ్బలెక్కి ఊడిపోయే వ్యాధి గల సిరియా బాలుడికి, జన్యువు సరిదిద్దిన సొంత కణాలతో పెంచిన పైచర్మాన్ని 80 శాతం మేర అతికించారు.

ఇలాంటి ప్రయోగశాలలు మన వార్డులకు ఇంకా దూరమే. బొంబాయిలో డాక్టర్ కేస్వానీ 1980లలో ఉడకబెట్టిన బంగాళదుంప తొక్కలను గుడ్డకు అంటించి గాయాలమీద కట్టడం ఆ కొరతలోనే పుట్టిన ఉపాయం. అది గాయాన్ని తడిగా ఉంచుతుందిగాని చర్మం కాలేదు. హైదరాబాద్‌లోని ఉస్మానియా ఆసుపత్రిలో ఏర్పడినటువంటి స్కిన్ బ్యాంకులు ఇక్కడ అందుబాటులో ఉన్న మెరుగైన దారి. దాత మరణించిన 6 గంటల్లోగా తొడలు, పిక్కలు, వీపునుంచి పైపొరను మాత్రమే పలచగా తీసి గ్లిసరాల్‌లో భద్రపరుస్తారు. ముఖం జోలికి వెళ్ళరు. దాత రక్తపు గ్రూపు కలవనక్కరలేదు, ఎందుకంటే గ్లాస్గోలో తేలినట్టు తాత్కాలికంగా కప్పిన ఆ చర్మం ఎలాగూ రెండు మూడు వారాల్లో ఊడిపోతుంది. రోగి సొంత చర్మం చెక్కినచోట మళ్ళీ పుట్టి, రెండోసారి తీయడానికి సిద్ధమయ్యేది కూడా ఆ వ్యవధిలోనే.