కుండెడు మన్ను - పండ్లచెట్టు

తోటపనిని గూర్చి ప్రసంగములు ప్రసారమైనప్పుడెల్ల శ్రోతలు మమ్ము అడుగు ప్రశ్నలలో ఎక్కువపాలు ఎరువులను గూర్చియు, పురుగుమందులను గూర్చియు ఉండును. కుండీని గూర్చి అడుగువారు అరుదు. కుండీలో పోయవలసిన మట్టిని గూర్చి అడుగువారు మరింత అరుదు. పెరటిలోని మట్టిని తట్టకెత్తి కుండీలో పోసి, మామిడిటెంకనో నిమ్మగింజనో పాతినచో సరిపోవునని పలువురి అభిప్రాయము. నేలలో పెరుగు చెట్టునకు చాలిన మట్టి కుండీలోని మొక్కకు ఏల చాలదు? ప్రశ్న సహేతుకమైనదే. దీనికి సరియైన సమాధానము దొరకుటకు మానవునికి రెండువేల ఏండ్లకు పైగా పట్టినది. నడుమ ఒక ఓడలో తిరుగుబాటు జరిగినది, వేలకొలది మొక్కలు సముద్రము పాలైనవి.

క్రీస్తుపూర్వము 2వ శతాబ్దమున రోమక రాజనీతిజ్ఞుడు కేటో వ్రాసిన వ్యవసాయ గ్రంథములో ఒక ఉపాయము కలదు. అడుగున రంధ్రముగల కుండనుగాని బుట్టనుగాని చెట్టుమీదనే ఉంచి, కొమ్మను ఆ రంధ్రముగుండ పైకి దూర్చి, మట్టితో నింపి గట్టిగా కూరవలెను. వేళ్ళు పుట్టిన పిమ్మట కొమ్మను కుండ క్రింద కోసి, దానితోనే తీసికొనిపోయి నాటవలెను. మన తోటలలో దానిమ్మకును జామకును కట్టు గాలిఅంటునకు ఇది అన్నగారని చెప్పవచ్చును. క్రీస్తుశకము 1వ శతాబ్దపు ప్లినీ మరొక సంగతి వ్రాసినాడు. మాదీఫలపు చెట్టును, దాని ఔషధగుణముల కొరకు, పరదేశములవారు మట్టికుండలలో పెట్టి తరలింప జూచిరట. వేళ్ళకు ఊపిరి ఆడుటకై ఆ కుండలకు రంధ్రములు చేసిరట. ఆ ప్రయత్నము ఫలింపలేదని కూడ ఆయనయే చెప్పినాడు. వేరు ఊపిరి పీల్చునను మాట మాత్రము మనము గుర్తుంచుకొనవలెను. కుండీల చరిత్రయంతయు ఈ ఒక్క మాట చుట్టును తిరుగును.

మన దేశమున వరాహమిహిరుడు బృహత్సంహితలో వృక్షాయుర్వేదమునకు ఒక అధ్యాయమునే కేటాయించెను. చెట్లకు మెత్తని నేల మేలనియు, అందు ముందుగా నువ్వులు చల్లి, అవి పూతకు రాగానే అక్కడనే త్రొక్కి కలిపివేయవలెననియు చెప్పెను. నేటి పచ్చిరొట్ట ఎరువు అదియే. అయితే ఆయన దృష్టి నేలమీద ఉన్నదిగాని కుండమీద లేదు. చెట్టు సముద్రము దాటవలసిన అవసరము ఇంకను రాలేదు.

ఆ అవసరము ఐరోపావారి వలసరాజ్యములతో వచ్చినది. గింజలనే పంపరాదా అని తోచవచ్చును. ధాన్యపు గింజ ఏండ్లకొలది బ్రదికి ఉండును. మామిడిటెంక అట్లు కాదు. కొన్ని వారములలోనే మొలకెత్తు శక్తిని కోల్పోవును. అందువలన నెలల తరబడి సాగు ఓడప్రయాణములో మామిడిని మొక్కగానే తీసికొనిపోవలెను. 1782లో మారిషసు ద్వీపమునుండి సాన్ డొమింగోకు మొక్కలతో పోవుచున్న ఫ్రెంచి ఓడను ఆంగ్ల నౌకాదళమువారు పట్టుకొని, మొక్కలను జమైకాకు చేర్చిరి. ఆ మొక్కలకు పేర్లకు బదులు అంకెలు వేసియుండెను. ఆ అంకెలలో ఒకటి నేటికిని నిలిచియున్నది: జమైకాలో ఒక మామిడి రకమును జనులు ‘నంబరు పదకొండు’ అనియే పిలుతురు. బంగినపల్లి, చెరకురసము, సువర్ణరేఖ వంటి పేర్లు పెట్టుకొన్న మనకు ఇది కొంత వింతగా తోచును.

ఇక సీమపనస కథ. అమెరికా స్వాతంత్ర్యయుద్ధము మూలమున వెస్టిండీసు చెరకుతోటలకు అమెరికానుండి వచ్చు ధాన్యము ఆగిపోయెను. తుపానులును కాటకములును దానికి తోడైనవి. జమైకాలో వేలకొలది బానిసలు ఆకలితో మడిసిరి. తోటల యజమానులకు చౌకయైన తిండి కావలసివచ్చెను. తహితి ద్వీపమున పెరుగు సీమపనస అందుకు తగినదని సర్ జోసెఫ్ బ్యాంక్స్ మొదలగువారు ప్రభుత్వమునకు నచ్చజెప్పిరి. మంచి సీమపనసకు గింజలుండవు. వేళ్ళనుండి లేచు పిలకలను త్రవ్వి, కుండీలలో వేళ్ళూనునట్లు చేసి, ప్రపంచమునకు ఒక కొననుండి మరొక కొనకు మోయవలెను.

1787 డిసెంబరులో లెఫ్టినెంటు విలియం బ్లై నాయకత్వమున బయలుదేరిన ‘బౌంటీ’ ఓడ ఈ పనికొరకే మార్చి కట్టబడినది. నాయకునకు చెందవలసిన పెద్ద గదిని మొక్కలకు ఇచ్చివేసిరి. నేలకు పైగా రెండవ పలక అమర్చి, కుండీలు కదలకుండ కూర్చొనుటకై దానినిండ గుండ్రని రంధ్రములు కోసిరి. వెలుతురునకు పైకప్పున అద్దపు కిటికీలు, గాలికి ప్రక్కల ద్వారములు పెట్టిరి. అడుగు నేలపై సీసపు రేకు పరచి, కుండీలనుండి కారిన నీరు గొట్టములగుండ క్రింది తొట్లలో చేరునట్లును, ఆ నీటినే తిరిగి మొక్కలకు పోయుటకు వీలగునట్లును ఏర్పాటు చేసిరి. మంచినీరు దొరకని సముద్రముపై ఇంతకంటె పొదుపైన ఉపాయము ఏముండును? క్యూ ఉద్యానమువారి తోటమాలి డేవిడ్ నెల్సన్ తన సహాయకుడు విలియం బ్రౌనుతో కలిసి మొక్కల భారము వహించెను.

1788 అక్టోబరు 26న ఓడ తహితి చేరెను. మొక్కలు కుండీలలో వేళ్ళూనునంతవరకు వేచియుండవలసి వచ్చుటచే అయిదు నెలలకు పైగా అచట నిలిచిరి. బ్లై లెక్క ప్రకారము 774 కుండీలు, 39 తొట్లు, 24 పెట్టెలు నిండినవి. సీమపనస మొక్కలు 1,015. 1789 ఏప్రిలు 4న బయలుదేరిరి. 28వ తేదీన ఫ్లెచర్ క్రిస్టియన్ నాయకత్వమున నావికులు తిరుగబడి, బ్లైని, అతని పక్షమువారిని చిన్న పడవలోనికి దింపిరి. మొక్కలన్నింటిని సముద్రములోనికి విసరిరి. నెల్సన్ ఆ పడవలో తైమూరు వరకు బ్రదికి చేరి, అచట జ్వరముతో మరణించెను. తిరుగుబాటునకు కారణములను గూర్చి చరిత్రకారులు ఇప్పటికిని వాదించుచునే యున్నారు. మా దృష్టిలో ఒక కారణము కుండీలోనే ఉన్నది: మొక్కలు వేళ్ళూనుటకు పట్టిన అయిదు నెలలలో నావికులు ఆ ద్వీపమునకు అలవాటుపడిపోయిరి.

బ్లై మరల బయలుదేరెను. 1791లో ‘ప్రావిడెన్సు’ ఓడలో పోయి, 1792లో తహితినుండి 2,126 సీమపనస మొక్కలను ఎత్తించెను. దారిలో నీటికి కటకట ఏర్పడగా మొక్కలకే మొదటి వాటా దక్కినది. తరువాతి కాలమున ఆస్ట్రేలియా తీరమును చుట్టివచ్చి ప్రసిద్ధుడైన మాథ్యూ ఫ్లిండర్స్ అప్పుడు ఆ ఓడలో చిన్న ఉద్యోగి. తోటమాలి మొక్కలకు నీరు మోయుచున్నప్పుడు బాల్చీలనుండి జారిన చుక్కలను తానును తోడివారును మెట్లపై పరుండి నాకితిమని అతడు చెప్పుకొనెను. మొక్కలలో చాలభాగము దారిలో చచ్చినను, వందలకొలది మొక్కలు 1793 తొలి నెలలలో సెంట్ విన్సెంటు, జమైకా దీవులకు చేరినవి. ఎవరి ఆకలి పేరు చెప్పి ఇంత శ్రమపడిరో ఆ బానిసలు మాత్రము ఆ పండును మొదట అంతగా ఇష్టపడలేదు. వారి అభిప్రాయమును ముందుగా అడిగినవారు లేరు.

ప్రావిడెన్సు తోటమాలులలో ఒకడైన క్రిస్టొఫర్ స్మిత్ పిమ్మట కలకత్తా వృక్షోద్యానమునకు వచ్చి, మొలక్కస్ దీవులనుండి జాజి, లవంగ మొక్కలను సేకరించి పంపెను. అప్పటి ఆ ఉద్యానాధిపతి విలియం రాక్స్‌బరో. 1793లో కలకత్తా పోవుటకు పూర్వము ఆయన చాల ఏండ్లు మన సామర్లకోటలో ఉండి, మిరియము మొదలగు పైరులపై ప్రయోగములు చేసినవాడు.

కుండీని ఓడలో కాపాడుట అను చిక్కును చివరకు విప్పినది తోటమాలి కాదు, లండనులోని ఒక వైద్యుడు. 1829లో నథానియెల్ వార్డు ఒక పురుగుగూటిని తడిమట్టితో సీసాలో పెట్టి మూతవేయగా, కొంతకాలమునకు ఆ మట్టిలో ఒక గడ్డిపరకయు, ఒక ఫెరన్ మొలకయు కనిపించినవి. పగలు మట్టినుండి లేచిన ఆవిరి అద్దమునకు తగిలి చల్లబడి మరల మట్టిలోనికే దిగుచుండెను. నీరు పోయువారు లేకయే మొక్క పెరిగినది. 1833లో ఆయన అద్దపు పెట్టెలలో మొక్కలను సిడ్నీకి పంపెను. అవి పచ్చగా చేరినవి. తిరుగు ప్రయాణములో హార్న్ అగ్రపు మంచును, భూమధ్యరేఖ వేడిని కూడ ఆస్ట్రేలియా మొక్కలు తట్టుకొనినవి. అంతకుముందు ఓడప్రయాణములో 20 మొక్కలకు 19 చచ్చుచుండగా, ఈ పెట్టెలలో 20కి 19 బ్రదుకుచున్నవని లండను నర్సరీ యజమాని లాడిజెస్ చెప్పెను.

పాత్ర కుదిరినది. అందులోని మన్నో? 1930ల వరకు ప్రతి తోటమాలికిని ఒక రహస్యపు పాళ్ళు ఉండెడివి. మొక్కమొక్కకు వేరొక మిశ్రమము. అనుపానములతో మందు నూరు వైద్యునివలె, ఆకుమన్ను ఇంత, పాతగోడల సున్నము ఇంత, బొగ్గుపొడి ఇంత అని గురువునుండి శిష్యునకు సంక్రమించుచుండెను. లండను సమీపమున మెర్టనులోని జాన్ ఇన్నెస్ ఉద్యాన సంస్థలో అనువంశికతపై పరిశోధనలు జరుగుచుండెడివి. అందుకు పెంచిన చైనా ప్రిమ్యులా నారు కుళ్ళి చచ్చిపోవుచుండెను. ఇది సామాన్యమైన నష్టము కాదు. సంతతిలో ఏ లక్షణము ఎన్నింటికి వచ్చినదో లెక్కించువారికి, బలహీనమైన మొలకలు ముందే చచ్చినచో లెక్కయే తప్పిపోవును. విలియం లారెన్స్, జాన్ న్యూవెల్ అనువారు మట్టినే పరీక్షకు పెట్టిరి. కొన్ని ఏండ్ల ప్రయోగముల ఫలితముగా, ప్రతి మొక్కకు వేరు మిశ్రమము అక్కరలేదని తేలినది. మొక్కలు నాటుటకు మంచి గరువుమట్టి 7 పాళ్ళు, పీట్ 3 పాళ్ళు, ముతక ఇసుక 2 పాళ్ళు. గింజలు చల్లుటకు మట్టి 2 పాళ్ళు, పీట్, ఇసుక ఒక్కొక్క పాలు. దీనికి కొద్దిగా సుద్ద, కొలిచిన ఎరువు. అన్నిటికంటె ముఖ్యము, నారుకుళ్ళు కలిగించు శిలీంధ్రములు చచ్చునట్లు మట్టిని ఆవిరిపట్టుట. 1939లో వారు దీనిని గ్రంథముగా ప్రకటించిరి. సంస్థవారు ఈ పాళ్ళను అమ్ముకొనక అందరికిని ఉచితముగా ఇచ్చివేసిరి. ఇది మిక్కిలి శ్లాఘనీయము.

1957లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమువారు మరొక అడుగు వేసి, మట్టినే వదలి సన్నయిసుక, పీట్ కలిపి మొక్కలు పెంచవచ్చునని చూపిరి. ఆవిరికి గాలి కలిపి 60 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద అరగంట ఉంచిన చాలునని అదే పరిశోధకవర్గము నిరూపించినది.

పెరటిమట్టి కుండీలో ఏల పనికిరాదో ఇప్పుడు చెప్పవచ్చును. ఒక స్పాంజిని నీట ముంచి, పళ్ళెముపై అడ్డముగా పట్టుకొనుడు. కారుట నిలిచిన తరువాత దానినే నిలువుగా త్రిప్పుడు. మరల నీరు కారును. స్పాంజి అదే, ఎత్తు మారినది. మట్టియు నిట్లే అడుగుభాగమున కొంత నీటిని పట్టి ఉంచును. ఆ తడిపొర మందము మట్టి నలుసులను బట్టి ఉండునుగాని, కుండీ ఎత్తును బట్టి ఉండదు. నేలలో ఆ పొర ఎంతో లోతున ఉండును. జానెడు కుండీలో సగము దానితోనే నిండును. నల్లరేగడి పోసినచో చెప్పనే అక్కరలేదు. అక్కడ గాలి ఉండదు, వేరు కుళ్ళును. అడుగున పెంకులు పరచినచో నీరు దిగునని తరతరముల నమ్మకము; పైమట్టి పూర్తిగా నానునంతవరకు నీరు పెంకులలోనికి దిగదు, పైగా మట్టి ఎత్తు తగ్గును. రంధ్రముపై ఒక్క పెంకు, మట్టి జారకుండ, చాలును.

మన మామిడితోటలలో పూర్వము కుండీ లేనిదే అంటు లేదు. టెంకమొక్కను మట్టికుండీలో పెంచి, తల్లిచెట్టు క్రింద మంచె వేసి, కుండీలను దానిపైకెక్కించి, మొక్క కాండమును చెట్టుకొమ్మకు ఒరసి కట్టెడివారు. అతుకు కుదురునంతవరకు రెండు మూడు నెలలు ప్రతి కుండీకిని నీరు మోయవలెను. మట్టికుండీ గోడ చెమర్చును. వేసవిలో వేళ్ళు చల్లగా ఉండును, గాలియు సోకును. బరువు, పగులుట దాని దోషములు. 1960ల ప్రాంతమునుండి క్రమముగా పాలిథిన్ సంచి దాని స్థానమును ఆక్రమించినది. చౌకయు, తేలికయు నగుటచే కడియము మొదలగు నర్సరీలనుండి లారీలకొలది మొక్కలు ఇతర రాష్ట్రములకు పోగలుగుచున్నవి. ఎఱ్ఱమన్ను, ఇసుక, చివికిన పశువుల ఎరువు సమపాళ్ళలో కలిపి సంచులు నింపుట మన ప్రాంతమున పరిపాటి.

సంచిలో ఒక చిక్కు కలదు. మామిడి తల్లివేరు నేరుగా క్రిందికి దిగునది. అడుగు తగిలినంతనే అది చుట్టు తిరుగనారంభించును. ఎక్కువకాలము సంచిలో ఉంచిన మొక్కను చుట్టతోనే నాటినచో ఆ చుట్ట విడదు. లావెక్కినకొలది తనను తానే బిగించుకొనును. పైకి పచ్చగా ఉన్న చెట్టు ఏండ్ల పిమ్మట పెద్దగాలికి ఒరిగిపోవుట కలదు. సంచిని చీల్చక నాటువారు ఇప్పటికిని ఉన్నారు. నాటునప్పుడు సంచిని పూర్తిగా తీసి, చుట్టుకొన్న వేళ్ళను కత్తితో కోసివేయవలెను. ఈ దోషమును పోగొట్టుటకే లోపలివైపు నిలువు గీతలును, అడుగున తెరపియు గల పాత్రలు వచ్చినవి. గాలి తగిలిన వేరుకొన ఎండిపోయి, ప్రక్కవేళ్ళు పుట్టును.

పీట్ మన దేశమున అంతగా దొరకదు. బురదనేలలను తవ్వి దానిని తీయుట మంచిది కాదని ఐరోపాలో నేడు అభ్యంతరములున్నవి. దానికి బదులుగా వచ్చిన కొబ్బరిపొట్టును 19వ శతాబ్ది మధ్యకాలముననే ఇంగ్లండు తోటమాలులు వాడి చూచి, తరువాత మరచిరి. కోనసీమలో పీచు తీసిన పిదప గుట్టలుగా మిగులు ఆ పొట్టు ఇప్పుడు ఇటుకలుగా అచ్చొత్తబడి నర్సరీలకు పోవుచున్నది. కొనువారు దానిలోని ఉప్పు పోవునట్లు రెండు మూడు మార్లు మంచినీటిలో నానబెట్టి పిండవలెను. అది నీటిని చక్కగా పట్టి ఉంచునుగాని ఆహారము మాత్రము అందులో బహుస్వల్పము. ఎఱ్ఱమన్నును, చివికిన ఎరువును కలుపుకొననిదే టెంకమొక్క పాలిపోవును.