అరణ్యపర్వ శేషము

గ్రంథాలయమునకు వచ్చు చందాదారులలో రెండు తెగలవారు కలరు. దొరకిన పుస్తకమును చదువుకొని పోవువారు కొందఱు. దొరకని పుస్తకము కొఱకై మరల మరల వచ్చువారు కొందఱు. ఈ రెండవ తెగవారే గ్రంథాలయమునకు ప్రాణము. 1947 జూలైలో చందమామ పుట్టిన పిమ్మట, అందలి ధారావాహిక కథ మంచి పట్టున ఆగి, క్రింద "ఇంకా వుంది" అను మాట కనబడినపుడెల్ల, మరుసటి నెల సంచిక వచ్చువఱకు దినములు లెక్కించిన బాలురును, బాలురను మించి లెక్కించిన పెద్దలును గోదావరీ మండలములలో ఎందఱో యుండిరి. అంతకు పూర్వము రాజమహేంద్రవరమున మధిర సుబ్బన్న దీక్షితులవారు వ్రాసిన కాశీమజిలీ కథలు పండ్రెండు భాగములు. ఒక భాగము చేతికి వచ్చి, తరువాతి భాగము మఱియొకరి యింట నుండుట ఎంతటి శిక్షయో ఆ కథలు చదివినవారికి తెలియును. మజిలీ మజిలీకిని మణిసిద్ధుని వెంటబడి యడుగు గోపబాలునివలెనే పాఠకుడును "తరువాత నేమాయెను?" అని అడుగుచునే యుండును.

అయితే తెలుగు పాఠకులు అన్నిటికంటె ఎక్కువకాలము వేచిన శేషభాగము ఈ పుస్తకములలోనిది కాదు. అది ఆంధ్ర మహాభారతమున అరణ్యపర్వ శేషము. ఆ నిరీక్షణము మన రాజమహేంద్రవరముననే ఆరంభమై రమారమి 280 సంవత్సరములు సాగినది.

రాజరాజనరేంద్రుడు 1022వ సంవత్సరమున వేంగీరాజ్యమునకు పట్టాభిషిక్తుడయ్యెను. ఆయన పాలనము నిర్విఘ్నముగ సాగినది కాదు. సవతి సోదరుడు విజయాదిత్యునితోడి కలహమున సింహాసనము ఊగిసలాడుచునే యుండెను. అట్టి రాజునకు ఎంత యనుభవించినను తనివి తీరనివి ఐదు కలవని నన్నయభట్టు అవతారికయందు చెప్పుచు, వానిలో భారత శ్రవణము నొకటిగ లెక్కించినాడు. పాండవులు పుట్టిన చంద్రవంశమే తన వంశమని ఆ రాజు నమ్మిక. పూర్వుల చరిత్రమును ఎన్నిమారులు విన్నను చాలక, దానిని తెనుగున వినవలెనని కోరినాడు. కావున ఆంధ్ర మహాభారతమునకు మొదటి పాఠకుడు, గ్రంథము పుట్టక పూర్వమే దానికై యెదురుచూచిన ఆ రాజే.

ఈ పనిలో నన్నయకు తోడుపడిన నారాయణభట్టునకును మన డెల్టాకును చుట్టఱికము కలదు. భారతయుద్ధమున అర్జునునకు నారాయణుడు తోడైనట్లు తనకు నారాయణభట్టు తోడయ్యెనని నన్నయ చెప్పుకొనెను. ఆ నారాయణభట్టునకు రాజు తన పాలనమున 32వ యేట నందంపూడి గ్రామమును అగ్రహారముగ నొసగెను. ఆ శాసనమును రచించినవాడును నన్నయభట్టే. అంబాజీపేట చుట్టుపట్ల తిరుగువారికి నందంపూడి క్రొత్త యూరు కాదు. తెలుగు భారతమునకు చేయివేసినవానికి దక్కిన నేల అదియేయని తలచుకొనువారు మాత్రము కొద్దిమంది.

ఆదిపర్వము, సభాపర్వము ముగిసినవి. అరణ్యపర్వము మూడాశ్వాసములు ముగిసి నాల్గవ ఆశ్వాసము నడచుచుండగా, 142వ పద్యముకడ నన్నయ రచన ఆగిపోయినది. ఆగిన చోటు చూడదగినది. పాండవుల వనవాసము తుదిదశకు వచ్చినది. వానకారు వెడలి శరత్తు ప్రవేశించినది. నన్నయ ఆ శరత్కాలపు రాత్రులను వర్ణించెను: ఆకసమున చుక్కల బారులు, కలువల వాసన మోసికొని వచ్చు గాలి, కర్పూరపు పొడి చల్లినట్లు వెన్నెల. అంతటితో సరి. అక్కడ కథ ఆగవలసిన కారణము కనబడదు. ప్రకరణము ముగియలేదు, ఆశ్వాసము ముగియలేదు, వెన్నెల మాత్రము కాయుచున్నది.

ఇట్లు ఆగినందువలన తెలుగువారికి అందక పోయినవి అల్పములు కావు. మాంసవిక్రయము చేయు ధర్మవ్యాధుడు వేదము చదివిన కౌశికునకు ధర్మము బోధించిన కథ, ద్రౌపదీ సత్యభామల సంభాషణము, దుర్యోధనుడు ఘోషయాత్రకు పోయి గంధర్వులచేత చిక్కుట, మార్కండేయుడు ధర్మరాజునకు చెప్పిన రామకథ, యమునివెంట నడచి పతిప్రాణము తెచ్చుకొన్న సావిత్రి చరిత్రము, కర్ణుడు తన కవచకుండలములను ఇంద్రునకు ఒలిచియిచ్చుట, కడపట యక్షప్రశ్నలు. ఇవి యన్నియు ఆ శేషమునందే యున్నవి. వ్రతకథలు వినినవారెవరును సావిత్రిని మఱువరు. సంస్కృతము రాని తెలుగు పాఠకునకు మాత్రము, తన భాషలోని భారతమున ఆ సావిత్రి కనబడకుండెను.

యక్షప్రశ్నల విషయమున మఱియొక చిక్కు కూడ కలదు. ధర్మరాజు సమాధానములకు మెచ్చిన యముడు, పదుమూడవ యేట పాండవులను ఎవ్వరును గుర్తింపకుండునట్లు వరమిచ్చెను. విరాటుని కొలువున వారి యజ్ఞాతవాసమున కంతకును ఆ వరమే ఆధారము. అది లేక విరాటపర్వమునకు పోవుట, దస్తావేజు చూడక భూమిని స్వాధీనము చేసికొనుట వంటిది.

నన్నయ తరువాత రాజమహేంద్రవరముననే మఱియొక కవి యేల పూనుకొనలేదని పాఠకులు అడుగవచ్చును. దానికి రాజకీయ కారణము స్పష్టము. రాజరాజు కుమారుడు రాజేంద్రుడు 1070వ సంవత్సరమున చోళ సింహాసనమెక్కి కులోత్తుంగ చోళుడయ్యెను. వేంగి చోళ ప్రతినిధుల పాలనలోనికి పోయినది. తెలుగున భారతము వినవలెనని కూర్చున్న రాజు గోదావరి యొడ్డున లేడు. రాజు లేనిచోట ఆకాలమున పెద్ద కావ్యము సాగుట దుర్లభము. పుస్తకము సగమున నుండగనే దానిని కోరిన కొలువు చెదరినది.

రెండువందల యేండ్లు గడచిన పిమ్మట పెన్న యొడ్డున నెల్లూరిలో మనుమసిద్ధికి మంత్రియైన తిక్కన సోమయాజి కలము పట్టెను. ఆయన పూనిక సామాన్యమైనది కాదు: విరాటపర్వము మొదలు పదునైదు పర్వములు. కాని అరణ్యపర్వ శేషమును ముట్టలేదు. పైగా, నన్నయభట్టు ఆది మొదలుకొని మూడు కృతులు రచించెనని విరాటపర్వ పీఠికలో చెప్పెను. మూడని చెప్పెనేగాని, రెండున్నరయని చెప్పలేదు. ఈ యొక్క మాటపై పండితులు చాల కాగితము ఖర్చు చేసినారు. నన్నయ మూడు పర్వములును పూర్తిచేసియుండగా తాటాకులు శిథిలమై శేషభాగము పోయినదని కొందఱు. పూర్తికానిదానిని తిక్కన మర్యాదకై పూర్తియైనట్లు చెప్పెనని కొందఱు. రెండవ మాటయే లోకానుభవమునకు దగ్గఱగ నున్నది. ఖాతా తెఱచినవాని పేరనే పద్దు నడచుట, తరువాతివాడు మిగిలిన పుట విడిచి క్రొత్త పుటయందు తన వ్రాత మొదలిడుట వాడుకలో నున్నదే.

పెద్దవారు ముట్టని పుటను చూచి పాఠకులు ఊరకుండలేదు. పుస్తకము ఆగినచోట జనము కథ కట్టుట స్వభావము. అరణ్యపర్వము అచ్చిరాదనియు, దానిని తెలిగించువానికి కీడు మూడుననియు ఒక భయము వ్యాపించెను. నన్నయకు మతి చలించెనని ఒక కథ. తోటికవి భారతమును తగులబెట్టించిన పాపము తగిలెనని మఱియొక కథ. 1656 ప్రాంతమున అప్పకవి వ్రాసిన లక్షణగ్రంథమునందును నన్నయకును భీమకవికిని వైరము కలిగినట్లును, నన్నయ వ్యాకరణమును భీమకవి గోదావరిలో కలిపినట్లును ఒక వృత్తాంతము కలదు. ఈ కథలకు శాసనాధారము లేదు. నన్నయవంటి మృదుభాషిని అసూయాపరునిగ చిత్రించుట అన్యాయము కూడ. అయినను వీనిని కేవలము కొట్టిపాఱవేయరాదు. సగమున నిలిచిన పుస్తకము పాఠకుల మనస్సును ఎంత కలతపెట్టెనో తెలుపు సాక్ష్యములు ఇవియే. నిర్లక్ష్యము చేయబడిన గ్రంథమునకు ఇన్ని వదంతులు పుట్టవు.

1323వ సంవత్సరమున కాకతీయ రాజ్యము కూలినది. తెలుగునేల అల్లకల్లోలమైన ఆ దినములలో ప్రోలయ వేమారెడ్డి 1325 ప్రాంతమున అద్దంకి రాజధానిగ స్వతంత్ర రాజ్యము నెలకొల్పెను. ఆయన ఆస్థానకవి ఎఱ్ఱన. గుండ్లకమ్మ తీరపు కొలువున కూర్చున్న ఆ కవి, గోదావరీ తీరమున నన్నయ విడిచిన తాటాకును చేతికి తీసికొనెను.

ఇక్కడ ఎఱ్ఱన చేసిన పని నిలిచి చూడదగినది. ఆయనకు ఎదుట జీవించియున్న ప్రభువు కలడు. హరివంశమును ఆ ప్రభువునకే అంకితమిచ్చెను. అయినను అరణ్యపర్వ శేషమును వేమారెడ్డి కీయలేదు. తనకు ఇష్టదైవమైన శివునకును ఈయలేదు. మూడువందల యేండ్లకు దగ్గఱగ పూర్వము గతించిన రాజరాజనరేంద్రునే సంబోధించుచు ఆశ్వాసములను నడపెను. కోరినవానికే పుస్తకము చేరవలెనని ఆయన యభిప్రాయము కావచ్చును. చనిపోయిన రాజు అగ్రహారమీయడు, కనకాభిషేకము చేయడు. కడపట తన పేరు చెప్పుకొనినపుడును, నన్నయ కవితారీతి కొంత తోచునట్లుగ, అది ఆయన రచనయే యనునట్లుగ శేషమును పూరించితినని మాత్రమే చెప్పెను. "కొంత" అనుటలోనే ఆయన వినయము, వివేకము రెండును కలవు.

అతుకు వేసిన నేర్పు కూడ అట్టిదే. నన్నయ చివరి పద్యము శరద్రాత్రి. ఎఱ్ఱన మొదటి పద్యము శరత్కాలపు ప్రాతఃకాలము: మబ్బు తొలగిన యాకసమున అరుణకాంతి, విచ్చుకొను తామరలు, హంసల యొక్కయు తుమ్మెదల యొక్కయు రొద. రాత్రి ఎక్కడ నిలిచెనో ఉదయము అక్కడనే మొదలయ్యెను. నడుమ గడచిన 280 ఏండ్లు పుటలో కనబడవు.

ఇక పాఠకులేమనిరి? ఆనాటివారి యభిప్రాయములు వ్రాసియుంచిన పుస్తకము లేదు. కాని మంచి సాక్షి యొకడు కలడు, అతడు మన రాజమహేంద్రవరముననే దొరకును. ఎఱ్ఱన తరువాత నూఱేండ్లకు, ఇక్కడి రెడ్డిరాజులలో వీరభద్రారెడ్డికి కాశీఖండమును అంకితమిచ్చిన శ్రీనాథుడు, తాను ఏయే కవుల పోకడలను పోవునో చెప్పుచు వేములవాడ భీమకవిని, నన్నయను, తిక్కనను పేర్కొని, వారి సరసన ప్రబంధపరమేశ్వరుడను బిరుదుతో ఎఱ్ఱనను నిలిపెను. శ్రీనాథుడు ఊరక మెచ్చువాడు కాడు. నన్నయ కూర్చున్న పట్టణముననే నన్నయ లోటు పూరించినవానికి సమాన పీఠము లభించినది. గోదావరి నుండి పెన్నకు, పెన్న నుండి గుండ్లకమ్మకు పోయిన భారతము తిరిగి గోదావరికి చేరినది. కవిత్రయమను మాట తెలుగువారి నోట స్థిరపడినది.

మెచ్చనివారు లేకపోలేదు. ఎఱ్ఱన మొదట నన్నయవలె సంస్కృతసమాసములతో నడచి, పోనుపోను తిక్కన తెనుగువైపు ఒరగెనని విమర్శకులు గుర్తించిరి. అది నిజమే. అయితే దానిని దోషమనుట తగదు. పై పర్వము నన్నయది, క్రింది పర్వము తిక్కనది. నడుమ నిలిచినవాడు మొదట ఒకరి చేయి పట్టుకొని, తుదకు రెండవవారి చేతికి అందింపకున్న పాఠకునకు కుదుపు తగులును. వరిచేనికి నీరు పెట్టువాడు పై మడి యెత్తును క్రింది మడి పల్లమును చూచియే గండి కొట్టును.

పండితుల తరాజు అట్లుండ, పల్లెల తీర్పు వేఱొక చోట జరిగినది. తొలకరి వెనుకబడిన యేట రామాలయముననో రావిచెట్టు క్రిందనో విరాటపర్వము చదివించుట మన యూళ్ళలో ఆచారముగ నుండెను. చదివిన వానలు పడునని నమ్మిక. అరణ్యపర్వమునకు అట్టి ఫలశ్రుతి లేదు. అయినను సావిత్రి కథకు స్త్రీలు, యక్షప్రశ్నలకు వృద్ధులు, ఘోషయాత్రకు పిల్లలు కదలక కూర్చుండెడివారు. అచ్చిరాదన్న పర్వము నడియింటికి వచ్చినది. ఎవరికిని కీడు మూడలేదు.

1922వ సంవత్సరమున, రాజరాజు పట్టాభిషేకమునకు తొమ్మిదివందల యేండ్లు నిండినపుడు, రాజమహేంద్రవరమున ఆంధ్రేతిహాస పరిశోధక మండలివారు ప్రత్యేక సంచికను వెలువరించిరి. 2006లో నన్నయ పేర విశ్వవిద్యాలయము కూడ ఆ పట్టణమున వెలసినది. ఎఱ్ఱనకు గోదావరీ తీరమున అట్టి గుర్తు లేదు. ఉండనక్కఱలేదని ఆయనయే యనునేమో.

అరణ్యపర్వమును తీసికొనిపోవు చందాదారులు నాల్గవ ఆశ్వాసము 142వ పద్యముకడ ఒక్కసారి నిలిచి చూడుడు. వెనుకటి దినముల పౌరాణికులు అక్కడ ఆగెడివారు కారు. వెన్నెల పద్యము చదివి, అర్థము చెప్పి, దీపపు వత్తి ఎగద్రోసి, అదే గొంతుతో తెల్లవాఱిన పద్యమును ఎత్తుకొనెడివారు.